హొకోకు మారును ముంచిన గుండు ఎవరిది?

1942 నవంబర్ 11న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులకు నైరుతిగా జరిగిన పోరు ప్రస్తావన వస్తే చాలు, పాత పేచీ లేస్తుంది. పది వేల టన్నుల జపాన్ రైడర్ (సరుకు ఓడలను వేటాడే సాయుధ ఓడ) హొకోకు మారును ముంచింది మన యుద్ధనౌక హెచ్‌ఎంఐఎస్ బెంగాలా, దాని వెంట వెళ్తున్న డచ్ ట్యాంకర్ ఒండినానా?

బెంగాల్ నిజానికి సముద్రంలో శత్రువు అమర్చిన పేలుడు మైన్లను ఏరే మైన్‌స్వీపర్. రాయల్ ఇండియన్ నేవీ కోసం ఆస్ట్రేలియాలో కట్టిన నాలుగు బాథర్స్ట్ తరగతి ఓడల్లో ఒకటి. మిగతావి బొంబాయి, మద్రాస్, పంజాబ్. సిడ్నీలోని కొకాటూ డాక్‌యార్డులో తయారై 1942 ఆగస్టులో నౌకాదళంలో చేరింది. 186 అడుగుల పొడవు, 650 టన్నులు, ఎంత తరిమినా 15 నాట్లు.

మైన్లు ఏరే పద్ధతి ఇలా ఉండేది. ఓడ వెనక నుంచి గరుకు పళ్లున్న ఉక్కు తీగను వదులుతారు. ఓడకు దగ్గర్లో కైట్ అనే పలకల చట్రం దాన్ని కావలసిన లోతుకు అణిచిపెడుతుంది. అవతలి కొసన ఆటర్ అనే మరో చట్రం తీగను పక్కకు లాగితే, పైన తేలే ఫ్లోట్ ఆ కొస ఎక్కడుందో చూపుతుంది. మైన్‌ను అడుగున పట్టి ఉంచే లంగరు తాడు ఈ తీగకు కోసుకుపోతే మైన్ పైకి తేలుతుంది, దాన్ని కాల్చి పేలుస్తారు లేదా ముంచుతారు. తాడు తెగకుండా చిక్కుకుంటేనే అసలు ప్రమాదం: తీగ చుట్టేకొద్దీ మైన్ ఓడ వెనక భాగానికే వచ్చేస్తుంది. పైగా అందరికంటే ముందు నడిచే ఓడ శుభ్రం కాని నీళ్లలోనే వెళ్లాలి.

ఈ పనికి పెద్ద ఫిరంగి అక్కర్లేదు. బెంగాల్‌కు ఉన్నది ఒకే ఒక్క 12 పౌండర్ (12 పౌండ్ల గుండు పేల్చే చిన్న ఫిరంగి), కొన్ని ఓర్లికాన్లు (విమానాలను కాల్చే చిన్న తుపాకులు). ఒండినాకు ఒక 4 అంగుళాల ఫిరంగి, 32 గుండ్లు. ఎదురుగా వచ్చిన రెండు రైడర్లు, హొకోకు మారు, ఐకోకు మారు, 14 సెంటీమీటర్ల ఫిరంగులతో ఉన్నాయి.

ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుంచి హిందూ మహాసముద్రంలోని డీగో గార్షియా దీవికి దారిలో ఉన్న బెంగాల్, ట్యాంకర్‌ను తప్పించుకోమని చెప్పి తాను శత్రువు మీదికే తిరిగింది. కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ విల్సన్. ఒండినా కూడా కాల్పులు మొదలుపెట్టింది. ఒక గుండు హొకోకు మారు కుడివైపు టార్పెడో గొట్టాల దగ్గర తగిలి నిప్పంటుకుంది. వెనక మందుగుండు గది పేలి ఓడ మునిగింది.

12 పౌండర్ గుండు దాదాపు 5.5 కిలోలు, ఒండినాది 14 కిలోలు. ఈ బరువులతో పేచీ తేల్చలేం, టార్పెడో పేలడానికి చిన్న గుండైనా చాలు. అయినా మొగ్గు ఒండినా వైపే ఉందని మా అభిప్రాయం. పోరు తర్వాత బెంగాల్ డీగో గార్షియాకు చేరితే, రెండు టార్పెడోలు తగిలినా ఖాళీ ట్యాంకుల పుణ్యమా అని తేలిన ఒండినా ఫ్రీమాంటిల్‌కు తిరిగొచ్చింది. దాని కెప్టెన్ హోర్స్‌మన్ ఆ పోరులోనే మరణించాడు.

బెంగాల్‌ 1950లో ఐఎన్‌ఎస్ అయింది. 1960లో విరగ్గొట్టారు.