కోర్టు దాకా పోకుండానే పని చేసే నోటీసు

చెన్నై పెరంబూరులో మా వీధి చివర ఉండే మాస్టారికి రెండేళ్ల కిందట రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల పదకొండు పేజీల లాయరు నోటీసు. ఎన్నికలప్పుడు వార్తల్లా అచ్చయిన ప్రకటనలను మాస్టారు కత్తిరించి, తేదీలు వేసి, నోటుబుక్కులో అంటించేవారు. ఇవి డబ్బు తీసుకుని వేసిన వార్తలని ఆధారాలతో రాశారు. ఏడు రోజుల్లో బేషరతుగా క్షమాపణ చెప్పాలని, లేదంటే కోటి రూపాయలకు పరువు నష్టం దావా వేస్తామని ఒక మీడియా సంస్థ తరఫు లాయరు హెచ్చరించారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. పిన్నిగారే అడిగారు: "ఇల్లు పోతుందా బాబూ?"

అలాంటి నోటీసు పంపేది ఆ భయం కోసమే. తమిళనాడులో ఇలాంటి దావాకు కోర్టు ఫీజు 2017 దాకా ఏడున్నర శాతం ఉండేది, ఇప్పుడు మూడు శాతం. కోటికి దావా వేయాలంటే మూడు లక్షలు కట్టాలి. నోటీసుకు ఆ ఫీజు లేదు. అందులో కోటి రాసినా, వంద కోట్లు రాసినా ఖర్చు ఒకటే.

పైగా మన దగ్గర పరువు నష్టం సివిల్ తగాదా మాత్రమే కాదు, నేరం కూడా. 1860 నాటి శిక్షాస్మృతి 499వ సెక్షన్ కంపెనీ పరువును కూడా మనిషి పరువుతో సమానంగా లెక్కేసింది. 2016లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని తేల్చింది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. గరిష్ఠ శిక్ష మారలేదు, రెండేళ్ల జైలు. సమాజ సేవ అనే శిక్ష కొత్తగా చేరింది.

ఈ చరిత్రలో చెన్నైకి పెద్ద పాత్రే ఉంది. హత్య కేసుల్లో మరణశిక్ష పడ్డ ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక వేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1994లో తీర్పు రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. పరువు పోతుందని చెప్పి అచ్చుకు ముందే ఆపే హక్కు ప్రభుత్వానికి, అధికారులకు లేదన్నారు. ప్రభుత్వ సంస్థలు నష్టపరిహారం దావాలు వేయడం కూడా కుదరదన్నారు. గొప్ప తీర్పు. కానీ ప్రైవేటు కంపెనీలకు ఆ కట్టడి వర్తించలేదు. మాస్టారిలాంటి వాళ్లకు దెబ్బ తగులుతున్నది అక్కడే.

మీడియాను సంస్కరించాలని అడిగేవాళ్ల పరిస్థితి మరీ కష్టం, ఎందుకంటే ఎదుటివాడి చేతిలో పత్రికా ఉంటుంది, లాయరూ ఉంటాడు. 2009 ఎన్నికల్లో పెయిడ్ న్యూస్ గురించి మన జర్నలిస్టు సంఘం ఏపీయూడబ్ల్యూజే పశ్చిమ గోదావరిలో సర్వే చేసింది. ఆ తర్వాత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది: పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్లు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టి, పేర్లు లేని చిన్న నివేదికను బయటపెట్టింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే పూర్తి నివేదిక జనానికి దక్కింది. చట్టబద్ధమైన సంస్థే పేర్లు చెప్పడానికి అంత వెనకాడితే, పెన్షన్ మీద బతికే మనిషి ఎంత టెన్షన్ పడాలి!

2017లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఎడిటర్‌గా ఉన్న ఠాకుర్తా అదానీ పవర్ గురించి వ్యాసం వేస్తే కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. పత్రికను నడిపే ట్రస్టు వ్యాసం తీయించేసింది, ఆయన రాజీనామా చేశారు. ఆ వ్యవహారంలోనే 2021 జనవరిలో గుజరాత్‌లోని ముంద్రా కోర్టు ఆయన మీద అరెస్టు వారెంటు జారీ చేసింది.

కోర్టులు నిలబడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఒడిశాలోని ధమ్రా పోర్టు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పని ఆన్‌లైన్ గేమ్ తయారుచేసిన పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ మీద టాటా సన్స్ పది కోట్లకు దావా వేస్తే, 2011లో ఢిల్లీ హైకోర్టు ఆ గేమ్‌ను ఆపడానికి ఒప్పుకోలేదు. బీచ్ ఇసుక తవ్వకాల కథనం మీద వి.వి. మినరల్స్ పెట్టిన క్రిమినల్ కేసును 2020లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి కొట్టేసింది. బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ కథనం మీద జీ కంపెనీ వేసిన కేసులో 2024 మార్చిలో సుప్రీంకోర్టు, విచారణ జరగకుండానే కథనాన్ని తీసేయమనడం తగదని కింది కోర్టు ఉత్తర్వును రద్దు చేసింది. నోరు నొక్కడానికే వేసే దావాల గురించి కూడా అందులో హెచ్చరించింది. వీటిని మొదట్లోనే కొట్టేసే ప్రత్యేక చట్టం మాత్రం మనకు లేదు. ఆస్ట్రేలియాలో అయితే పదిమంది అంతకుమించి ఉద్యోగులున్న కంపెనీ పరువు దావాయే వేయలేదు.

మాస్టారిని హైకోర్టు ఎదురుగా తంబుచెట్టి వీధికి తీసుకెళ్లాను. ఒకప్పుడు ఆంధ్రపత్రిక వెలువడిన వీధి, ఇప్పుడు మెట్టుమెట్టుకూ లాయర్ల బోర్డులు. లాయరమ్మ మొదట చెప్పింది కేవియట్, అంటే మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టుకునే అర్జీ, వేయమని: సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద అది 90 రోజులు పనిచేస్తుంది, ఆలోగా దావా వేస్తే మన మాట వినకుండా ఉత్తర్వు ఇచ్చే ప్రమాదం తగ్గుతుంది. కత్తిరింపులన్నీ అసలువే ఉంచమంది, జిరాక్సులు కాదు. సివిల్ దావాకు ఏడాది గడువని కూడా చెప్పింది.

ఆ ఏడాది గడిచిపోయింది, దావా రాలేదు. క్రిమినల్ ఫిర్యాదుకు మాత్రం మూడేళ్ల గడువుంది. మాస్టారు ఇప్పటికీ రోజూ మూడు పేపర్లు తెప్పించుకుంటారు. కత్తెర మాత్రం పిన్నిగారు బీరువాలో పెట్టి తాళం వేశారు.