రొమ్ము మొత్తం తీసేస్తే పీడా పోతుందా?

బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అని రాగానే మన ఇళ్లలో ఎవరో ఒకరు 'మొత్తం తీయించేయండి, పీడా పోతుంది' అంటారు. ఆ టెన్షన్‌లో అలా అనిపించడం సహజమే. కానీ గడ్డ చిన్నగా ఉన్నప్పుడే బయటపడితే ఆ మాట నిజమేనా అని వందలమంది ఆడవాళ్లను ఇరవై ఏళ్లపాటు గమనించి చూశారు, కాదని తేలింది.

అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివర్లో ప్రచారంలోకి తెచ్చిన ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేసేవారు. క్యాన్సర్ పక్కపక్కకే పాకుతుంది కాబట్టి ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదని ఆయన లెక్క. ఆ తర్వాత చెయ్యి వాచిపోయి, పైకెత్తలేక అవస్థపడ్డవాళ్లు ఎందరో. పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్‌కి ఈ లెక్క నచ్చలేదు. రక్తంలో కలిసి వెళ్లిపోయే కణాలు గడ్డ చేతికి తగిలే నాటికే వెళ్లిపోయి ఉంటాయి, ఆ తర్వాత ఇక్కడ ఎంత కోసి ఏం లాభం అన్నది ఆయన వాదన.

1976లో మొదలైన ఆయన ట్రయల్‌లో 4 సెంటీమీటర్ల లోపు గడ్డ ఉన్నవాళ్లను, లాటరీ తీసినట్టుగా, మూడు గుంపులు చేశారు: రొమ్మంతా తీసినవాళ్లు, గడ్డ మాత్రమే తీసినవాళ్లు, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లు. 1,851 మంది ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. గడ్డ మాత్రమే తీసినవాళ్లలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్లలో అది 14.3 శాతమే. రొమ్మంతా తీయించుకున్నవాళ్లకి మాత్రం అదనంగా ఆయుష్షేమీ కలిసిరాలేదు. మిలాన్‌లో ఉంబెర్తో వెరొనేసీ 701 మందితో చేసిన ట్రయల్‌లోనూ ఇదే తేలింది. (మధ్యలో ఫిషర్ ట్రయల్‌లో పాల్గొన్న మాంట్రియల్ డాక్టర్ ఒకాయన పేషెంట్ల రికార్డులు దిద్దాడని 1994లో పెద్ద గొడవైంది. ఆయన పేషెంట్లను పక్కనపెట్టి మళ్లీ లెక్కేసినా జవాబు మారలేదు.)

మళ్లీ వచ్చినా ప్రాణానికి తేడా రాలేదంటే నమ్మబుద్ధి కాదు. నిజానికి రొమ్ములోని గడ్డ రొమ్ములోనే ఉన్నంతకాలం ప్రాణం తీయదు. ఎముకల్లోకో, కాలేయంలోకో, ఊపిరితిత్తుల్లోకో చేరితేనే ప్రమాదం. రొమ్ములో మళ్లీ కనిపిస్తే చాలామందికి అప్పుడు ఆపరేషన్ చేయొచ్చు. అలాగని రేడియేషన్ ఎగ్గొట్టకండి, చాలా ట్రయల్స్ కలిపి చూస్తే అది కొన్ని ప్రాణాలు కూడా కాపాడుతోందని తర్వాత తెలిసింది.

ఒంట్లో ఎక్కడో దాక్కున్న కణాల సంగతి చూడాల్సింది మందులే. ఏ మందన్నది ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాలు ఆడ హార్మోన్లకు స్పందిస్తాయా అని చూసేవి), హెర్2 (కణాల్ని పెరగనిచ్చే ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసేది) అని బయాప్సీ రిపోర్టులో ఉండే మూడు పరీక్షలు చెబుతాయి. ఈఆర్ పాజిటివ్ అయితే ఏళ్ల తరబడి రోజుకో హార్మోన్ మాత్ర. వీళ్లలో ప్రతి ఒక్కరికీ కీమో కావాలని లేదు. చంక గ్రంథులకు పాకకుండా హెర్2 నెగెటివ్‌గా ఉండి, క్యాన్సర్ తిరగబెట్టే ముప్పును అంచనా వేసే 21 జన్యువుల పరీక్షలో మధ్యస్థంగా స్కోరు వచ్చినవాళ్లలో, ముఖ్యంగా 50 దాటినవాళ్లకి, కీమో వల్ల ఒరిగిందేమీ లేదని 2018లో వచ్చిన పెద్ద ట్రయల్ చూపించింది. ఆ పరీక్ష ఖరీదు మాత్రం మనవాళ్లలో చాలామందికి అందేది కాదు.

మొత్తం తీయాల్సి రాగల సందర్భాలూ ఉన్నాయి: రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నప్పుడు, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ తీసుకున్నప్పుడు. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లు కొందరు తామే కోరుకుంటారు. రేడియేషన్ మిషన్ ఉన్న ఊరికి మూడు వారాలు వెళ్లి ఉండలేక తీయించేసుకునేవాళ్లూ ఉన్నారు, దాన్ని తప్పనడానికి మనమెవరం? కాకపోతే మొత్తం తీయించుకున్నా కొందరికి రేడియేషన్ తప్పదని ముందే తెలిసుండాలి.

రేపే ఆపరేషన్ అని ఎవరైనా తొందరపెడితే, ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టులు మూడూ వచ్చాయా అని అడగండి. కొద్దిరోజులు ఆగితే కొంప మునగదు. హెర్2 పాజిటివ్ అయినా, మూడూ నెగెటివ్ అయినా, గడ్డ 2 సెంటీమీటర్లు దాటితే చాలామందికి కీమోనే ముందు ఇస్తారు. దాంతో గడ్డ ఒక్కోసారి పూర్తిగా కరిగిపోతుంది. అప్పుడు ఎక్కడ కోయాలో సర్జన్‌కి తెలియాలి కదా, అందుకే గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెడతారు. మొదటి కీమోకి ముందే అది పెట్టారో లేదో కనుక్కోండి.