కారు షెడ్డు లోపలి గోడలు: మనవలకు ఉత్తరం

మధురవాడ, విశాఖపట్నం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గోడలు లేచాయి, రేకులు పడ్డాయి, షట్టరు కూడా బిగించారు, ఇంకా లోపల నెలల తరబడి ఏం పని తాతయ్యా, రంగు కొట్టేస్తే అయిపోదా అని ఫోనులో అడిగారు. చెక్క చట్రాల మధ్య పరుపులు నింపి, పైన తెల్ల బోర్డులు కొట్టేసిన వీడియో కూడా పంపారు. అది మొత్తం చూశాను. ఆ కుర్రాడి పనితనం నాకు నచ్చింది. కానీ ఆ పద్ధతి మన ఊళ్ళో నిలవదు. ఎందుకు నిలవదో తెలిస్తే ఇక్కడ ఏది నిలుస్తుందో మీకే తోస్తుంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

ఆ వీడియోలోది అమెరికా, కెనడా లాంటి చలిదేశాల పని. అక్కడ గ్యారేజీ గోడ అంటే 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలబెట్టిన చెక్కలు. చలి లోపలికి రాకుండా వాటి మధ్య ఫైబర్‌గ్లాస్ పరుపు కూరుతారు. దాని మీద వేసే తెల్ల బోర్డు జిప్సంతో చేసింది. ఆ జిప్సం సంగతి మీరు తెలుసుకోవాలి. దాని బరువులో సుమారు ఐదో వంతు నీరే. పట్టుకుంటే తడి తగలదు, ఆ నీరు స్ఫటికంలో కలిసిపోయి ఉంటుంది. మంట తగిలినప్పుడు అది ఆవిరై బయటికి వస్తుంది, మొత్తం పోయేదాకా బోర్డు వెనక వేడి పెద్దగా పెరగదు. కారూ పెట్రోలూ ఉన్న గదిలో నిప్పు పుడితే, ఇంట్లో వాళ్ళు బయటపడటానికి ఆ కాసేపు చాలు. అందుకే అమెరికా నిర్మాణ నియమాల్లో, ఇంటికీ దాన్ని ఆనుకున్న గ్యారేజీకీ మధ్య గోడకు గ్యారేజీ వైపు కనీసం అర అంగుళం జిప్సం బోర్డు ఉండాలని రాసుకున్నారు.

మనది ఇటుక గోడ, దానికి నిప్పు అంటుకోదు. గడ్డకట్టే చలీ మనకు లేదు. మనకున్నది చెమ్మ, ఉప్పు. రుషికొండ సముద్రతీరం వైపు నుంచి వచ్చే గాలిలో ఈ రెండూ ఏడాది పొడుగునా ఉంటాయి. జిప్సం బోర్డుకు రెండు వైపులా కాగితం అంటించి ఉంటుంది. చెమ్మ తగిలిన కాగితం బూజుకు మంచి తిండి. జిప్సం కూడా నీళ్ళు పీలిస్తే మెత్తబడుతుంది. ఇక చెక్క చట్రం వెనక చీకట్లో చెదలు పట్టినా, బోర్డు ఊడి పడేదాకా మనకు తెలియదు.

కాబట్టి మన లోపలి పని మొదలయ్యేది రంగుతో కాదు, నీరు ఎటునుంచి వస్తోందో వెతకడంతో. దీనికో తేలికైన పరీక్ష ఉంది, మీరే చేయవచ్చు. మూరెడు పొడవూ వెడల్పూ ఉన్న పలుచని ప్లాస్టిక్ కాగితం తీసుకుని, నాలుగు అంచులా టేపు గట్టిగా అతికించి గోడకు అంటించాలి. మర్నాడు అదే వేళకు చూడండి. కాగితం వెనక, గోడవైపు నీటిబొట్లు కనిపిస్తే చెమ్మ గోడలో ఉన్నట్టు. పైన, మనవైపు తడి కనిపిస్తే అది గాలిలోని తేమ. మొదటిదైతే గోడకు వైద్యం చేయాలి, రెండోదైతే గదిలో గాలి ఆడే దారి చూడాలి. ఇది తేల్చుకోకుండా ఏ పూత వేసినా ఆ డబ్బు నీళ్ళపాలే. నేల దగ్గర ఒకటి, నడుం ఎత్తున ఒకటి, రేకు కింద ఒకటి అంటించండి, అప్పుడు నీరు కిందనుంచి ఎక్కుతోందో పైనుంచి దిగుతోందో కూడా తెలిసిపోతుంది.

గోడలోకి నీరు ఎక్కువగా వచ్చేది మూడు దారుల్లో. నేలలోంచి ఇటుక పీల్చుకుని పైకి ఎక్కేది ఒకటి. దాన్ని ఆపడానికే పునాది మీద, ఇటుక మొదలయ్యే చోట, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన కాంక్రీటు పట్టీ వేయించాం. రెండోది రేకు చూరు దగ్గర కారేది. మూడోదే మన ఊళ్ళో అసలు శత్రువు, పక్కనుంచి కొట్టే వాన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి వీచింది. అలాంటి గాలికి వాన పైనుంచి పడదు, గోడను అడ్డంగా పొడుస్తుంది. ఇటుకల మధ్య మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, సరిగ్గా నిండని సందు ఎక్కడుంటే అక్కడినుంచి నీరు లోపలికి దిగుతుంది. అందుకని లోపల తాపీ ముట్టుకోక ముందే బయటి పూత పూర్తి చేయించాం. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుక, రెండు పూతలుగా ముప్పావు అంగుళం మందం. చాలామంది కంటికి కనిపిస్తుందని లోపలి నునుపు మీద ఖర్చు పెట్టి, బయట పూత లేకుండానే వదిలేస్తారు. అలా వదిలిన గోడకు లోపల ఎంత ఖరీదైన రంగు వేసినా పెచ్చులు లేస్తాయి.

గోడ మీద తెల్లగా పొడిలా పేరుకునే ఉప్పు చూశారుగా? అది సముద్రం నుంచి ఎగిరొచ్చి అంటుకున్నది మాత్రమే కాదు. ఇటుకలో, సిమెంటులో, ఇసుకలో కరిగే లవణాలు ఎంతో కొంత ఉంటాయి. గోడలో తిరిగే నీరు వాటిని మోసుకొచ్చి, గోడ ముఖం మీద తాను ఆవిరైపోతూ వాటిని వదిలేస్తుంది. ఆ ఉప్పు పూత వెనకే గడ్డకడితే పూతను బయటికి నెడుతుంది, అప్పుడే గోడ ఉబ్బుతుంది. తెల్లదనం కనిపిస్తే నీళ్ళతో కడగకూడదు, ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడిని ఎత్తి బయట పారేయాలి.

ఇసుక విషయంలో మీ నాన్న ఎందుకంత పట్టుబట్టాడో కూడా చెబుతాను. కూతవేటు దూరంలో సముద్రం, కావలసినంత ఇసుక, అయినా మనం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే ఏటి ఇసుకే కొన్నాం. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. కాంక్రీటులో ఇనుప ఊచను మామూలుగా సిమెంటు క్షారగుణమే తుప్పు పట్టకుండా కాపాడుతుంది, ఉప్పులోని క్లోరైడు ఆ రక్షణను చెరిపేస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు లోపలినుంచే పగులుతుంది. తీరం వెంట పాత మేడల బాల్కనీల కింద ఊచలు బయటపడి వేలాడటం మీరు చూసే ఉంటారు.

ఇక లోపలి పూత. మన ఇటుక ఫ్లైయాష్‌ది. పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాల్చగా మిగిలే బూడిద లాంటిదే దీనికి ముడిసరుకు. ఎర్రమట్టి ఇటుక కంటే దీని ముఖం నున్నగా ఉంటుంది, పూత అంత తేలిగ్గా పట్టుకోదు. అందుకని ముందు దుమ్ము దులిపి, తడిపి, చిక్కటి సిమెంటు పాలు కొట్టి, అది తడిగా ఉండగానే మాలు వేయాలి. కాంక్రీటు స్తంభం, ఇటుక కలిసే చోట కోళ్ళగూడు జాలీ మేకులతో బిగించాలి. ఎండకు అవి రెండూ ఒకేలా సాగవు, జాలీ లేకపోతే ఆ కీలు వెంట నిలువునా పగులు వస్తుంది. లోపలి పూతకు ఐదు పాళ్ళ ఇసుక, అర అంగుళం మందం చాలు. మేస్త్రి ముందుగా అక్కడక్కడా మాలు బొట్లు పెట్టి, తూకం దారం వేలాడదీసి, వాటిని ఒకే మట్టానికి తెస్తాడు. తర్వాత ఆ బొట్ల మధ్య నింపి బద్దతో లాగుతాడు. ఆ బొట్లు పెట్టే పూట మీరు దగ్గరుండి చూడండి. గోడ నిలువుగా వస్తుందా లేదా అనేది అక్కడే తేలిపోతుంది, తర్వాత రుద్దేదంతా కండబలం. కలిపిన మాలు అరగంటకు మించి ఉంచకూడదు, గట్టిపడిన దాంట్లో మళ్ళీ నీళ్ళు పోసి వాడకూడదు.

పూత అయ్యాక కనీసం వారం రోజులు పొద్దునా సాయంత్రం తడపాలి. సిమెంటు ఆరిపోయి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. ఈ పని విసుగని అందరూ రెండు రోజులకే మానేస్తారు. అలాంటి గోడ గోటితో గీకినా ఇసుక రాలుతుంది. తడిపే వారం అయ్యాక మాత్రం షట్టరు ఎత్తి, గాలికి ఆరనివ్వాలి. రంగైనా సున్నమైనా నెల గడిచాకే.

కరెంటు పైపులు పూతకంటే ముందే గోడలో కూర్చోవాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మట్టంలోనే పరుచుకుంటుంది. స్విచ్చి వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. అందుకే ప్లగ్గులన్నీ నాలుగడుగుల ఎత్తున పెడుతున్నాం. గాలి ఆడి ఆవిరి బయటికి పోవడానికి నేల దగ్గర ఒక జాలీ, ఎదుటి గోడకు రేకు కింద ఇంకొకటి వదిలాం. వాటిని ఎలకలొస్తాయని మూసేయొద్దు, సన్నని స్టీలు మెష్ బిగిస్తే సరిపోతుంది. జాలీలు ఉన్నాయి కదా అని షట్టరు దించి ఇంజను నడపకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఈ ఒక్క మాట మీ స్నేహితులకు కూడా చెప్పండి.

మేస్త్రి లప్పం, అంటే గోడ నునుపుకు పూసే పుట్టీ, పెట్టించమన్నాడు. నేను వద్దన్నాను. హాలుకు లప్పం అందం, కారు షెడ్డుకు అది దండగ. చెమ్మ తగిలే గోడకు దాన్ని పూసి, పైన నూనె రంగు వేస్తే నీటికి బయటికి పోయే దారి ఉండదు. నా ఓటు సున్నానికి. సున్నపురాయినో గుల్లలనో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలినదాన్ని నీటిలో విరిపి గోడకు పూస్తే, అది గాలిలోంచి అదే వాయువును తిరిగి తీసుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. మన తీరంలో గుల్లసున్నం వాడకం పాతదే. సున్నం గోడలోని చెమ్మను ఆపకుండా బయటికి వదులుతుంది, దాని ఘాటుకు బూజు తొందరగా పట్టదు. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేసుకోవాలి, అంతే. కానీ ఆనుకుంటే బట్టలకు అంటుతుంది. అందుకని కిందనుంచి నాలుగడుగులు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్సు పలకలు అతికిస్తాం. సున్నం విరిపేటప్పుడు కుతకుతా ఉడుకుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఆ పని పెద్దవాళ్ళది. మీరు దూరంగా ఉండండి.

మీకు బోర్డు గోడ కావాలన్న సరదా నాకు తెలుసు. పనిముట్లు తగిలించే వెనక గోడ ఒక్కదానికి వేద్దాం, జిప్సం కాదు, 8 మిల్లీమీటర్ల ఫైబర్ సిమెంటు బోర్డు. ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉన్నదే కొనాలి. ఇటుకకు రెండడుగులకు ఒకటి చొప్పున నిలువుగా జింకు పూత వేసిన ఇనుప చానళ్ళు, అంటే పొడవాటి పట్టీలు, బిగించి, వాటికి బోర్డు పట్టించాలి. కింద అర అంగుళం, పైన ఇంకాస్త ఖాళీ ఉంచితే వెనక గాలి ఆడుతుంది. బోర్డుకూ బోర్డుకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. మామూలు స్క్రూలు మన గాలికి తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పిస్తున్నాను. బరువైన సామాను మాత్రం బోర్డుకు వేలాడదీయకండి, బోల్టు చానల్లోకో ఇటుకలోకో దిగాలి. బోర్డు కోసేటప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు, కాబట్టి ఆరుబయట, నీళ్ళు చల్లుతూ, మంచి మాస్కు పెట్టుకునే కోయాలి.

వానలన్నీ దీపావళి దాటేదాకా ఉంటాయి కనుక పూత కార్తీకంలో మొదలుపెడితే సంక్రాంతికి గోడ ఆరి సిద్ధంగా ఉంటుంది. ఈలోగా మీకు రెండు పనులు. ఏ పనిముట్టు ఎక్కడ ఉండాలో, దీపం ఎక్కడ, ప్లగ్గు ఎక్కడ కావాలో కాగితం మీద బొమ్మ గీసి పంపండి. పైపులు వేసిన రోజు మీ బాబాయి ఫోటోలు తీసి పంపుతాడు, ప్రతి ఫోటోలో కొలత టేపు కనపడేలా తీయమన్నాను. గోడ మూసేశాక డ్రిల్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవి అవే, జాగ్రత్తగా దాచండి. పండక్కి వచ్చేటప్పుడు పాత బట్టలూ, నిండు చేతుల చొక్కాలూ తెచ్చుకోండి. విరిపి చల్లారిన సున్నానికి చేతి తొడుగులు, కళ్ళద్దాలు నేను కొని ఉంచుతాను. పై సగం గోడలు అమ్మాయిలిద్దరివి, వెనక గోడ బోర్డుకు స్క్రూలు చిన్నోడివి.

మీ తాతయ్య