మూడు లాంతర్ల దగ్గర టీ, కంప్యూటర్ కబుర్లు: అపోహలు – వాస్తవాలు

నేను విజయనగరంలో ఇంటి నుంచే పనిచేసే ప్రోగ్రామర్‌ని. సాయంత్రం మూడు లాంతర్ల కూడలి దగ్గర నాలాంటివాళ్ళం నలుగురైదుగురం టీకి కలుస్తాం. ఆ రోజు ఏ సైటు పడిపోయిందో, ఏ కొత్త ఏఐ వచ్చిందో చెప్పుకుని జోకులేసుకుంటాం. పక్కన నిలబడ్డవాళ్ళు అవి విని, నిజమనుకుని ఇంటికి తీసుకెళ్తారు. మా మాటల్లో ఎంత నిజం, ఎంత సరదా అన్నది మాకు తెలుసు. పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలా అని టెన్షన్ పడుతున్న తండ్రికి తెలియదు. అందుకే తరచుగా వినబడే కొన్నింటి గురించి రాస్తున్నాను.

అపోహ: సైట్లన్నీ ఒకేసారి ఆగిపోయాయంటే ఎవరో హ్యాక్ చేసినట్టే

2025 నవంబర్ 18, సాయంత్రం ఐదు కావస్తోంది. చాట్‌జీపీటీ తెరుచుకోలేదు, ఎక్స్ (పాత ట్విట్టర్) తెరుచుకోలేదు. కొట్టు దగ్గర ఒక పెద్దాయన "ఏటి బాబూ, చైనావోళ్ళేనా?" అని అడిగారు. మాలో ఒకడు నవ్వుతూ అవునన్నాడు. ఆయన నమ్మేశారు.

జరిగింది వేరు. వెబ్‌సైట్లకీ మనకీ మధ్య కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ తన డేటాబేస్‌లో అనుమతుల్ని కొంచెం మార్చింది. దాంతో ఒక జాబితాలో వరసలన్నీ రెండేసిసార్లు రావడం మొదలైంది, ఫైలు రెట్టింపైంది. ఆ ఫైలు చదివే ప్రోగ్రాంలో 200 అంశాలకు మించి రాకూడదని హద్దు ఉంది. హద్దు దాటగానే ప్రోగ్రాం కూలిపోయింది. మొదట్లో ఆ సంస్థ ఇంజినీర్లే దాడి జరుగుతోందేమోనని అనుమానపడ్డారు. కారణం ఇదీ అని ఆ రోజే బయటపెట్టారు. అలా బయటపెట్టడాన్ని నేను చాలా గౌరవిస్తాను.

2024 జులై 19న విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసి ఆగిపోయిన రోజు కూడా ఇంతే. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో మీరూ చూసే ఉంటారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పు అప్‌డేట్ దానికి కారణం. మైక్రోసాఫ్ట్ లెక్కలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఆగాయి. తప్పు ఫైలుని 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే ఆగిపోయిన కంప్యూటర్ తెరుచుకుంటే కదా కొత్త ఫైలు అందేది! చాలాచోట్ల మనిషి ఒక్కో మెషీన్ దగ్గరికీ వెళ్ళి చేత్తో ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

అపోహ: "ఆఫ్ చేసి ఆన్ చెయ్" అన్నది పని రానివాళ్ళ మాట

కాదు. చాలాసేపు నడిచిన ప్రోగ్రాంలో పాత లెక్కలు, వదలని మెమరీ పేరుకుపోతాయి. రీస్టార్ట్ చేస్తే అవి పోయి మొదటి నుంచి మొదలవుతుంది. క్రౌడ్‌స్ట్రైక్ రోజున కొన్ని క్లౌడ్ మెషీన్లు 15 సార్ల దాకా రీస్టార్ట్ చేశాక లేచాయని మైక్రోసాఫ్టే చెప్పింది. కూలిపోయేలోపు సరిచేసిన ఫైలు అందితే చాలు కాబట్టి.

అపోహ: తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేస్తుంది

ఇది నా మనసుకి బాగా తగిలిన అపోహ. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. దేశమంతా జోకులే. మేమూ నవ్వాం. అయితే తర్వాత మా పిన్ని తెలుగులో మెసేజ్‌లు పెట్టడం మానేసింది. ఆమెది ఆండ్రాయిడ్ ఫోన్, ఆ లోపానికీ దానికీ సంబంధమే లేదు. "మన అక్షరాలు ఫోన్లకి పడవట కదమ్మా" అని ఇంగ్లీషు లిపిలో టైప్ చేయడం మొదలుపెట్టింది.

లోపం మన అక్షరంలో లేదు. తెర మీద అక్షరాల్ని గీసే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మామూలు 'జ్ఞా' రాస్తే ఏమీ కాదు. ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు చేరితేనే ఆ లోపం బయటపడేది. బెంగాలీలో, దేవనాగరిలో కూడా అలాంటి కలయికలే దాన్ని కూల్చాయి. ఫిబ్రవరి 19న ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. పిన్నికి ఇదంతా కాగితం మీద గీసి చూపించాను. మళ్ళీ తెలుగులోనే రాస్తోంది.

అపోహ: ఏఐ కోడ్ రాసేస్తోంది, ఇక ప్రోగ్రామర్లు అక్కర్లేదు

దీనికి సగం సమాధానం చెప్పి తప్పించుకోకూడదు. ఏఐ కోడ్ రాస్తుంది. బాగా, వేగంగా రాస్తుంది. నేనూ రోజూ వాడతాను. కొత్తగా చదువు పూర్తిచేసినవాళ్ళకి ఇచ్చే చిన్న చిన్న పనులు దానికి పోతున్న మాటా నిజమే, ఆ భయం ఊరికే పుట్టలేదు. కానీ అక్కడితో పని అయిపోదు.

పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమకి వారం కూలి చీటీలు ముద్రించే చిన్న ప్రోగ్రాం చేశాను. పేరు గడిలో పది అక్షరాలు దాటితే కత్తిరించమన్నాను. కోడ్ ఏఐ రాసింది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షిస్తే అన్నీ సరిగ్గా వచ్చాయి. మొదటి వారం చీటీలు పంచాక అక్కడ పప్పు ఒలిచే ఒకావిడ చీటీ చూపించి "నా పేరు సగమేటి బాబూ?" అన్నారు. ఆవిడ పేరు పైడితల్లమ్మ. చీటీ మీద 'పైడితల్లమ్' అని ఉంది.

మన కంటికి పైడితల్లమ్మ అయిదు అక్షరాలు: పై, డి, త, ల్ల, మ్మ. కంప్యూటర్‌కి పదకొండు. గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. శ్రీకాకుళం మనకి నాలుగు అక్షరాలు, దానికి పది. విజయనగరం మనకి ఆరు, దానికి ఎనిమిది. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే యూనికోడ్ నియమాల్లో కూడా చాలాకాలం మ్, మ వేర్వేరు ముక్కలుగానే ఉండేవి. ఒత్తుతో సహా ఒకే అక్షరంగా చూడాలన్న నియమం 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తోనే చేరింది. పాత లైబ్రరీలకి, అంటే ప్రోగ్రాంలు తెచ్చుకుని వాడుకునే రెడీమేడ్ కోడ్‌కి, ఇప్పటికీ అది తెలియదు.

'పది అక్షరాలు' అని నేను అడిగాను, పది ముక్కలు అని అది అర్థం చేసుకుంది. తప్పు నా ప్రశ్నలోనూ ఉంది, నేను చేసిన పరీక్షలోనూ ఉంది. ఇప్పుడు అక్షరాలు లెక్కపెట్టడం మానేసి, పేరు చీటీ మీద ఎంత వెడల్పు పడుతుందో కొలుస్తున్నాను. చాలకపోతే రెండో వరసకి పంపుతున్నాను. కూలి చీటీ మీద మనిషి పేరు పూర్తిగా ఉండాలని పట్టుబట్టడం, ఆ పేర్లతో పరీక్షించడం మన పని.

కోడ్ దానంతటదే రాసుకుంటుందన్న మాట కొత్తదేమీ కాదు. 1957లో ఐబీఎం ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెచ్చినప్పుడు దాన్ని 'ఆటోమేటిక్ కోడింగ్' అనే పిలిచారు.

అపోహ: ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ చూడరు, అందుకే ప్రమాదం

ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో ఎవరో దొంగ దారి పెట్టారని 2024 మార్చిలో బయటపడింది. పెట్టినవాడు రెండేళ్ళకు పైగా మంచి సహాయకుడిలా పనిచేసి నమ్మకం సంపాదించాడు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకో తేల్చేదాకా వదల్లేదు. కోడ్ అందరికీ కనబడేలా ఉంది కాబట్టే ఆయన మూలం దాకా వెళ్ళగలిగాడు. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా చూసుకున్న మనిషి అలసిపోయి ఉండటమే దొంగకి సందు ఇచ్చింది. నాకు అసలు ప్రమాదం అక్కడ కనబడుతుంది.

అపోహ: విశాఖలో గూగుల్ డేటా సెంటర్ వస్తే మన ప్రోగ్రామర్లందరికీ అక్కడే ఉద్యోగాలు

2025 అక్టోబర్ 14న ప్రకటించారు, అయిదేళ్ళలో సుమారు 1500 కోట్ల డాలర్లు. పెద్ద విషయమే. అయితే డేటా సెంటర్ అంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కాదు. వేల సర్వర్లు, వాటికి కరెంటు, చల్లదనం, ఫైబర్ కేబుళ్ళు. లోపల రోజూ కావలసింది ఎలక్ట్రికల్, కూలింగ్, నెట్‌వర్క్ పని తెలిసినవాళ్ళు. కోడ్ రాసేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా ఆ సర్వర్లతో పనిచేయగలరు. మా వీధిలో ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుతున్న పిల్లలకి నేను చెప్పేది ఇదే: ఈ కబురు మాకంటే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అపోహ: వై2కె అంతా ఉత్త హడావుడి, ఏమీ జరగలేదు

2000 సంవత్సరం రాగానే తేదీలు తప్పి కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయమే వై2కె. పెద్దగా ఏమీ జరగకపోవడానికి కారణం, ముందే కూర్చుని సరిచేయడం. సంవత్సరాన్ని రెండు అంకెలతో (1999ని 99గా) దాచిన పాత ప్రోగ్రాంలని వరస వరసా వెతికి మార్చారు. ఆ పని మీదే మన జిల్లాల నుంచి కూడా అమెరికా విమానం ఎక్కినవాళ్ళు ఉన్నారు.

అలాంటిదే ఇంకోటి వస్తోంది. చాలా పాత వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ, ఆ అంకెని 32 బిట్లలో, అంటే 32 చిన్న గడుల్లో, దాస్తాయి. మన టైములో 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఆ చోటు నిండిపోతుంది. తర్వాతి సెకనుకి అవి 1901 డిసెంబర్‌కి వెళ్ళిపోతాయి. కొత్త ఫోన్లలో, కంప్యూటర్లలో చాలావరకు 64 బిట్లకి మార్చేశారు. గోడకి బిగించి మరిచిపోయిన మీటర్లు, కంట్రోలర్లు మాత్రం మిగిలే ఉన్నాయి. నేను చూసుకునే పాత కోడ్‌లో వెతికితే రెండు చోట్ల దొరికింది. ఒకటి మార్చాను. రెండోది ఒక పాత మెషీన్‌తో ముడిపడి ఉంది, ఆ మెషీన్ తయారుచేసినవాళ్ళకి ఉత్తరం రాశాను.