తొమ్మిది మంది ఇల్లు: ‘హమ్ లోగ్’ లెక్క ఎక్కడ తప్పింది

తెలుగు సీరియళ్ల మీద ఎప్పుడూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. ఇంటి నిండా మనుషులే, కథ మాత్రం ఏడ్చే కోడలికీ ఏడిపించే అత్తకీ మధ్యే నడుస్తుంది. మిగతావాళ్లు వరసగా నిలబడి రియాక్షన్ షాట్లు ఇస్తుంటారు. టీఆర్పీని నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాం కానీ, అసలు ఇంతమంది మన టీవీలోకి ఎలా వచ్చారో వెతికితే ముందు 1984లో మొదలైన హిందీ సీరియల్ ‘హమ్ లోగ్’కి, అక్కడి నుంచి మెక్సికోకి వెళ్లాలి.

మెక్సికోలో టెలివిసా అనే టీవీ సంస్థ ఉంది. అక్కడ పనిచేసిన మిగేల్ సబీడో దృష్టి 1969 నాటి ఒక పెరూ సీరియల్ మీద పడింది. అందులో మరియా అనే పనిమనిషి కుట్టుపని నేర్చుకుని పైకొస్తుంది. ఆమెను చూసి ఎంతోమంది ఆడవాళ్లు కుట్టు మెషిన్లు కొన్నారు, క్లాసుల్లో చేరారు. ఎవరూ చెప్పకుండానే ఇంత జరిగితే, పనిగట్టుకుని రాస్తే ఇంకెంత జరుగుతుందో అనుకున్నాడు సబీడో. పాత్రల్ని మూడు రకాలుగా విడదీశాడు: మంచి దారిలో ఉన్నవాళ్లు, చెడ్డ దారిలో ఉన్నవాళ్లు, ఎటూ తేల్చుకోలేనివాళ్లు. ప్రేక్షకులు తమను తాము చూసుకోవాల్సింది మూడో రకంలో. ఈ లెక్కతోనే 1975లో వయోజన విద్య మీద, 1977లో కుటుంబ నియంత్రణ మీద సీరియళ్లు తీశాడు. రెండూ బాగా ఆడాయి.

ఆ సంగతి అప్పటి కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి వసంత్ సాఠే చెవిన పడింది. మెక్సికో వెళ్లి చూసొచ్చారు. మనకూ అలాంటిది కావాలనుకున్నారు. రచన మనోహర్ శ్యామ్ జోషికి, దర్శకత్వం పి. కుమార్ వాసుదేవ్‌కి అప్పగించారు. 1984 జులై 7న దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ మొదలైంది.

ఒకే ఇంట్లో తొమ్మిది మంది. తాత, నానమ్మ, తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, నోరెత్తని తల్లి భగవంతి, ఐదుగురు పిల్లలు. పెద్దవాడు లల్లూకి ఉద్యోగం లేదు. నన్హేకి క్రికెట్ పిచ్చి. పెద్దమ్మాయి బడ్కీకి పెళ్లి సమస్య. మఝ్లీకి సినిమాల్లో వెలిగిపోవాలని ఆశ. చిన్నది ఛుట్కీకి డాక్టర్ కావాలని పట్టుదల. పేర్లకు బదులు సమస్యలు రాసినా సరిపోతుంది: మద్యం, నిరుద్యోగం, వరకట్నం, ఆడపిల్ల చదువు. తొలి ఎపిసోడ్లలో అలాగే ఉండేది కూడా. కుటుంబ నియంత్రణ పాఠం మోతాదు మించింది, జనానికి విసుగొచ్చింది. పదమూడు ఎపిసోడ్లయ్యాక పాఠం తగ్గించి, ఇంట్లో మనుషుల మధ్య గొడవల్ని పెంచారు. అప్పుడు పట్టుకుంది.

ప్రతి ఎపిసోడ్ చివర్లో హిందీ సినిమా నటుడు అశోక్ కుమార్ వచ్చేవాడు. ఆ రోజు జరిగిందంతా తిరగేసి, ఫలానావాళ్లు చేసింది సబబేనా అని ప్రేక్షకుల్నే అడిగేవాడు. జనం ఊరుకుంటారా! ఆయనకు 4 లక్షలకు పైగా ఉత్తరాలొచ్చాయి. నా మటుకు నాకు, ఆ సీరియల్‌లో అసలైన రచన జరిగింది ఈ ఉత్తరాల వల్లే. బడ్కీ పెళ్లి ఏం చేస్తారని జనం నిలదీశారు, సొంతింటి ఆడపిల్ల గురించి అడిగినట్టే.

లెక్క తప్పింది భగవంతి దగ్గర. ఆమెను రాసింది చెడ్డ ఉదాహరణగా. భర్త తాగొచ్చి తిట్టినా, అత్త సాధించినా సర్దుకుపోతుంది. ఇలా ఉంటే ఏమవుతుందో చూడండమ్మా అని ఆడవాళ్లకు చెప్పడం ఉద్దేశం. కానీ తర్వాత పరిశోధకులు అడిగితే, చాలామంది ప్రేక్షకులు ఆమెనే ఆదర్శంగా చెప్పారు. హెచ్చరికగా పెట్టిన మనిషిని జనం దేవతను చేశారు.

హిందీ రాష్ట్రాల్లో ఉన్నంత ఊపు దక్షిణాదిలో లేదు. భాష అడ్డం. కానీ ఊపు చూసిన స్పాన్సర్లు ఊరుకోలేదు. ‘హమ్ లోగ్’కి డబ్బు పెట్టింది అప్పుడప్పుడే మార్కెట్లోకొచ్చిన మ్యాగీ నూడుల్స్; 1985 డిసెంబరులో సీరియల్ ముగిసేసరికి ప్రకటనదారులకు దారి తెలిసిపోయింది. 1986లో జోషీయే ‘బునియాద్’ అనే మరో సీరియల్ రాశారు. అదే కాలంలో వీధి మలుపు దగ్గర పోగయ్యే మనుషులతో ‘నుక్కడ్’ వచ్చింది. అందులో హీరో ఎవరని అడిగితే చెప్పడం కష్టం. గుంపు పాత్రల్ని మనవాళ్లు బాగా రాసిన కాలం అదేనంటాను.

డైలీ సీరియళ్లు వచ్చాక సంగతి మారింది. మన దగ్గర దర్శకురాలు మంజులా నాయుడు ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ లాంటివాటిలో పెద్ద తారాగణాన్నే నడిపించారు, పక్క పాత్రలకూ సొంత కథలిచ్చారు. ఎక్కువ సీరియళ్లలో మాత్రం సబీడో చెప్పిన మూడు రకాల్లో రెండే మిగిలాయి. మధ్యలో ఊగిసలాడే మనిషిని రాయడానికి టైమ్ పడుతుంది. రోజూ ఎపిసోడ్ ఇవ్వాల్సిన రచయితకు దొరకనిది అదే. భగవంతికి మాత్రం ఈసారి మెయిన్ లీడ్ దక్కింది, పట్టుచీర కట్టుకుని మరీ.

అయినా గుంపును తీసేయరు. ప్రొడక్షన్‌కి వాళ్లతో వేరే అవసరం ఉంది. లీడ్ నటి డేట్స్ కుదరని వారం మరిది ట్రాక్ ఒకటి నిద్రలేస్తుంది: అప్పు చేస్తాడు, ఎవరినో ప్రేమిస్తాడు, ఇంట్లో పంచాయితీ పెడతారు. ఆమె సెట్‌కి రాగానే ఆ అప్పు ఎవరు తీర్చారో కూడా మనకు చెప్పరు.