ఒంటరి తల్లి కథను సినిమాగా తీసేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏడుపు సీన్లు ఎంత గట్టిగా ఉంటే సినిమా అంత గట్టిగా నిలబడుతుంది.

వాస్తవం: ఆమె కష్టం కన్నీళ్లలో కన్నా గడియారంలోనూ పర్సులోనూ ఎక్కువ కనిపిస్తుంది. సీన్లు రాయడానికి కూర్చునే ముందే రెండు కాగితాలు సిద్ధం చేసుకోండి. మొదటిది నెల లెక్క. హైదరాబాద్‌లో బట్టల షాపులో పనిచేసే తల్లి అనుకుందాం, జీతం 14,000. అద్దె 5,000, సరుకులు 3,500, స్కూలు ఫీజు 1,800, రోజుకి అర లీటరు పాలు నెలకి 900, గ్యాసు, కరెంటు, ఫోను కలిపి 1,600, చీటీ 1,000. చేతిలో మిగిలేది 200. పిల్లాడికి జ్వరమొచ్చి రెండు రోజులు పనికి వెళ్లకపోతే జీతంలో 900 పైనే కోత పడుతుంది. ఆ నెల చీటీ ఆగుతుంది, చీటీ నడిపే ఆవిడ గుమ్మంలోకి వస్తుంది. కథలోకి విలన్‌ని తేకుండానే సీన్ పుట్టింది.

రెండోది ఆమె రోజు, గంటల వారీగా. స్కూలు నాలుగింటికి వదిలేస్తారు, షాపు తొమ్మిదింటికి మూస్తారు. మధ్యలో ఆ ఐదు గంటలు పిల్లాడు ఎక్కడ ఉంటాడు? అమ్మమ్మ దగ్గరా, పక్కింట్లోనా, మెడలో తాడుకి కట్టిన తాళంచెవితో ఒంటరిగానా? ఈ ప్రశ్నకి మీరిచ్చే జవాబే సినిమాలో రెండో ముఖ్యపాత్ర. చాలా స్క్రిప్టుల్లో ఈ జవాబు ఉండదు, తల్లి డ్యూటీలో ఉన్నంతసేపూ పిల్లాడు మాయమైపోతాడు.

కథ ఏ ఏడాదిలో జరుగుతుందో కూడా తేల్చుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు లాంటి ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదు. 2024 నాటి హైదరాబాద్ కథలో తల్లి సిటీ బస్సు చార్జీకి చిల్లర వెతుక్కుంటే హాల్లో ఉన్న ఆడవాళ్లంతా అక్కడే కథ నుంచి బయటికొచ్చేస్తారు.

అపోహ: ఒంటరి తల్లి అంటే ఒకటే పరిస్థితి, కారణం ఏదైతేనేం.

వాస్తవం: ఆమె బీరువాలో ఏ కాగితం ఉందన్నదే కథని మార్చేస్తుంది. భర్త పోయినావిడ దగ్గర మరణ ధ్రువపత్రం ఉంటుంది. విడాకులైనావిడ దగ్గర కోర్టు డిక్రీ ఉంటుంది. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినావిడ దగ్గర ఏ కాగితమూ ఉండదు. ప్రతి ఆఫీసులో ఆవిడ తన బతుకుని నోటితోనే రుజువు చేసుకోవాలి. ముగ్గురిలో సినిమాలు తక్కువగా పట్టించుకున్నది ఈవిడనే, నిజానికి ఎక్కువ కథ ఉన్నదీ ఈవిడ దగ్గరే.

అపోహ: తండ్రి పేరు లేకపోతే ఏ కాగితమూ రాదు.

వాస్తవం: చట్టం ఎప్పుడో మారింది. పెళ్లి కాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకి గార్డియన్ కావచ్చని, అఫిడవిట్ ఇస్తే జనన ధ్రువపత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015 జులైలో చెప్పింది. పాస్‌పోర్టుకి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్న మార్పు 2016 డిసెంబర్‌లో వచ్చింది. తల్లి ఒక్కతే ఉన్నప్పుడు పాన్ కార్డుకి తండ్రి పేరు తప్పనిసరి కాదన్నది 2018 డిసెంబర్‌లో. ఇంటిపేరు సంగతీ అంతే. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని 2022 జులైలో తీర్పు వచ్చింది, అదీ ఒక తెలుగు కుటుంబం తగాదాలోనే.

కాబట్టి 'చట్టం ఒప్పుకోదమ్మా' అనే డైలాగ్ తీసేయండి. చట్టం ఒప్పుకున్నా కౌంటర్లో గుమాస్తాకి ఆ సంగతి తెలియదు, కంప్యూటర్‌లో తండ్రి పేరు గడి నింపందే తర్వాతి పేజీ తెరుచుకోదు, వెనక క్యూ పెరుగుతుంటుంది. నిజంగా జరిగేది ఇదే. తెర మీద గుచ్చుకునేదీ ఇదే.

అపోహ: భరణం కేసు అంటే కిక్కిరిసిన హాలు, లాయర్ల కేకలు, జడ్జి సుత్తి దెబ్బ.

వాస్తవం: మన కోర్టుల్లో సుత్తి లేదు. ఫ్యామిలీ కోర్టులో ముందు రాజీ ప్రయత్నం, కౌన్సెలింగ్. ఇద్దరిలో ఏ ఒక్కరు కోరినా విచారణ తలుపులు మూసి జరుగుతుంది. లాయర్‌ని పెట్టుకోవడం అక్కడ హక్కు కాదు, కోర్టు అనుమతితో జరిగేది. భరణం కేసు ఒకప్పటి సీఆర్‌పీసీలో (పాత నేర విచారణ చట్టంలో) 125 సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. డైలాగ్ రాసేటప్పుడు ఏడాదిని బట్టి నంబర్ మార్చండి. తీర్పుతో కథ ముగించాలని అనిపిస్తుంది కానీ అసలు కష్టం ఆ తర్వాతే. అతను కట్టకపోతే మళ్లీ పిటిషన్, వారెంటు, వాయిదా. వాయిదాకి వెళ్లిన ప్రతి రోజూ పైన రాసుకున్న నెల లెక్కలో ఒక రోజు జీతం ఎగిరిపోతుంది.

అపోహ: గ్లిజరిన్ ఉంటే ఏడుపు వచ్చేసినట్టే.

వాస్తవం: క్లోజప్‌లో గ్లిజరిన్ చుక్క చిక్కగా, నెమ్మదిగా జారుతుంది. మెంథాల్ స్టిక్‌ని కంటికి కాస్త దూరంగా, కింద బుగ్గ మీద రాస్తే కళ్లు వాటంతటవే చెమ్మగిల్లుతాయి. పిల్లలకి రెండూ వద్దు. కన్నీళ్ల సీన్లో ముందు క్లోజప్ తీసి తర్వాత వైడ్ షాట్‌కి వెళ్లండి. నాలుగో టేకుకల్లా నటి అలిసిపోతుంది.

అపోహ: పిల్లాడు ఒక్కడే కదా, షెడ్యూల్ మనిష్టం.

వాస్తవం: పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరుసగా 27 రోజులు మించకూడదు. షూటింగ్ జరిగే జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లాడి పేరుతో జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మేకప్, సీన్ వివరించడం, తిండి పోను ఆ 5 గంటల్లో కెమెరా ముందు దొరికేది మూడు గంటలే అనుకుని కాల్‌షీట్ వేయండి. తల్లి సోలో షాట్లు, ఆమె వైపు క్లోజప్‌లు పిల్లాడు వెళ్లిపోయాక పెట్టుకోండి.

వయసు కూడా చూసుకోవాలి. ఆరేడేళ్ల వయసులో ముందరి పళ్లు ఊడతాయి. రెండు షెడ్యూళ్ల మధ్య మూడు నెలలు గ్యాప్ వస్తే ఒకే సీన్లో సగం పళ్లతో, సగం బోసినోటితో తేలతాడు. ఎంపిక చేసే రోజునే పళ్లు కదులుతున్నాయేమో చూడండి. కదులుతుంటే పిల్లాడి భాగమంతా ఒకే షెడ్యూల్లో తీసేయండి, మాటలు కూడా తర్వాత డబ్బింగ్‌కి వదలకుండా లొకేషన్లోనే సింక్ సౌండ్‌లో (నటిస్తుండగానే రికార్డు చేసి) పట్టేయండి.