చారిజార్డ్‌కు మేత

చిన్నీకి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరంలో సగం అన్నయ్య మీద ఫిర్యాదులే. బాబాయి అమెరికా నుంచి తెచ్చిన 1999 నాటి పోకెమాన్ కార్డులతో ఆడితే నీ చారిజార్డ్, ఆ రెక్కల నిప్పు పోకెమాన్, ఒక్క దెబ్బకే పోయిందని, అన్నయ్య తొండి చేశాడని రాశావు. "దానికి 120 ప్రాణం, 100 దెబ్బ కొడుతుంది, అదెలా పోతుంది తాతయ్యా?" అని అడిగావు. నువ్వు పంపిన ఫోటోలు కళ్లజోడు పెట్టుకుని చదివాను. వాడు తొండి చేయలేదమ్మా.

మా నాన్నకి ఒక ఒంగోలు గిత్త ఉండేది. ఊరంతా దాన్ని చూసి మురిసేది. మేపలేక మాత్రం మా ప్రాణం పోయేది. నీ చారిజార్డ్ అలాంటిదే. ముందు చార్మాండర్, తర్వాత చార్మీలియన్, అంటే దూడగా పెంచాలి. ఆ పెద్ద దెబ్బకు నాలుగు ఎనర్జీ కార్డులు, అంటే దాని మేత, కావాలి, నీ వంతుకు ఒక్కటే పెట్టనిస్తారు. కొట్టినప్పుడల్లా రెండు పారేయాలి. చొప్ప వేసినా, వరిగడ్డి వేసినా తినే గొడ్డులాగా ఏ రంగు ఎనర్జీనైనా నిప్పుగా మార్చుకుంటుంది, అదొక్కటే మేలు. పోనీ దాన్ని వెనక్కి తోలి ఇంకోదాన్ని దించుదామంటే, పెట్టినవాటిలో మూడు పారేయాలి. మా గిత్త కూడా అంతే, కాడి దించాలంటే ఇద్దరు మనుషులు.

వానలు పడ్డాక బురద మడిలో దమ్ము చేయడానికి గిత్త పనికిరాదు, దున్నపోతులు కావాలి. అన్నయ్య నీటి పోకెమాన్ బ్లాస్టాయిస్ అలాంటిదే. దాని గుణం పేరేమిటో చూశావా? రెయిన్ డాన్స్! వాన నాట్యమన్నమాట. చేతిలో ఎన్ని నీటి ఎనర్జీలుంటే అన్నీ ఒకే వంతులో పెట్టేయొచ్చు. అయిదు పెడితే దెబ్బ 60. చారిజార్డ్‌కు నీళ్లంటే బలహీనత, కాబట్టి రెట్టింపు. ఎంతయింది? వేళ్ల మీద లెక్కపెట్టు. (గిత్తకు రెక్కలుండవని నాకూ తెలుసులే, నవ్వకు.)

మా చిన్నప్పుడు ఇలాంటి కార్డులెక్కడివి? అగ్గిపెట్టెల మీద బొమ్మలు చింపి దాచేవాళ్లం. సింహం బొమ్మకు నాలుగు గుర్రాలు, ఆ ధర మేమే పెట్టుకున్నాం. ఖాళీ పెట్టెల్లో ఆరుద్ర పురుగుల్ని పెంచేవాళ్లం. ఒకసారి చెదలు తిన్న సింహం బొమ్మ ఇచ్చి, నాకంటే చిన్నవాడి దగ్గర మూడు పురుగులున్న పెట్టె కొట్టేశాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. కార్డులు మార్చుకునేటప్పుడు పక్కింటి బుడ్డోడికి వాడి కార్డు విలువేమిటో ముందే చెప్పు.

పోకెమాన్‌ను ఊహించిన సతోషి తజిరి కూడా జపాన్‌లో చిన్నప్పుడు పురుగులు పట్టుకుని తిరిగినవాడే. ఆ మాట తెలిసినప్పటి నుంచీ ఆయన మా వీధి పిల్లాడేననిపిస్తుంది. మొన్న వాన వెలిశాక చేలగట్టు మీదికి వెళ్లాను. ఎర్ర మఖమలు గుడ్డ చుట్టుకున్నట్టు ఒక్క ఆరుద్ర పురుగు నడిచిపోతోంది. దానికి ఎంత ప్రాణమో, ఏం గుణమో ఎవరూ రాయలేదు. అది గడ్డిలోకి పోయేదాకా అలా చూస్తూ నిలబడ్డాను.

చారిజార్డ్ కార్డు అడుగున చిన్న అక్షరాల్లో బొమ్మ గీసినాయన పేరుంటుంది, మిత్సుహిరో అరిత. బ్లాస్టాయిస్ గీసింది ఆయనేనా? అన్నయ్యనడిగి కార్డు తీసుకుని, చూసి రాయి. లాక్కోకు.

మీ తాతయ్య